వాన పడినందుకు ఏడ్చిన మేడం

మా సంస్థలో రైతులకు శిక్షణ ఇచ్చే సత్యం గారు మోటారుసైకిలు మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నారు. ఆయన బదులు అనంతపురం జిల్లాకు ఎవరు వెళ్ళాలి అన్న మాట రాగానే గదిలో ఉన్నవాళ్ళందరూ నా వైపు చూశారు.

నేను రాజమండ్రి ఆఫీసులో ప్రకృతి వ్యవసాయం కరపత్రాలకు అచ్చుతప్పులు దిద్దే మనిషిని. పదకొండేళ్ళుగా అదే పని. విత్తనాలకు పట్టించే బీజామృతం అన్న మాటలో దీర్ఘాలు ఎక్కడుండాలో నన్నడగండి, చెబుతాను. ఆ బీజామృతాన్ని మాత్రం ఎన్నడూ చేత్తో ముట్టుకోలేదు. పైగా మాది కోనసీమ. కరవును కూడా అచ్చులోనే చూశాను.

"మీకు విషయమంతా తెలుసు కదండీ" అన్నారు డైరెక్టరు గారు. అలా నేను వానలు తప్పిన నేలకు, వానలు తప్పితే ఏం చేయాలో చెప్పడానికి బయలుదేరాను. వెంట "మారుతున్న వాతావరణం, మారాల్సిన సేద్యం" అని రాసిన ఆరడుగుల ఫ్లెక్సీ ఒకటి.

అనంతపురంలో గ్రహశాంతి

రైలు దిగేసరికి ఉదయం ఎనిమిది. జూన్ నెల మొదట్లోనే ఉన్నాం, ఎండ మాత్రం మా ఊళ్ళో మిట్టమధ్యాహ్నంలా ఉంది. అక్కడి పనులు చూసే నారాయణప్ప జీపు తీసుకుని వచ్చాడు. ముప్పై అయిదేళ్ళుంటాయి. నన్ను చూడగానే, "అన్నం తిన్యావా మేడం?" అన్నాడు.

పొద్దున్నే అన్నమేమిటో నాకర్థం కాలేదు. అది వాళ్ళ పలకరింపు అని సాయంత్రానికి తెలిసింది. మా వైపు ముక్కూమొహం తెలియని వాణ్ణి కూడా "అండీ" అంటాం. అక్కడ కలెక్టరొచ్చినా "ఎప్పుడొచ్చినావు సార్?" అంటారట. అందులో అమర్యాద ఏమీ లేదు. రెండు రోజుల్లో ఆ "నువ్వు" నాకు చల్లగా తగలడం మొదలుపెట్టింది.

నేను అలవాటుగా "ఆయ్" అన్నాను. మా గోదావరి వాళ్ళకు అదొక్కటే సర్వసమాధానం. నారాయణప్ప కంగారుగా నా కాళ్ళవైపు వంగాడు. "ఏమైంది మేడం? ముల్లు గుచ్చుకున్యాదా?"

స్టేషను దగ్గరి చిన్న హోటల్లో ఉగ్గాని తిన్నాను. బొరుగులు, అంటే మన మరమరాలు, నీళ్ళలో ముంచి పిండి, తాలింపు పెట్టి, పైన పుట్నాలపప్పు పొడి చల్లి, పక్కన మిరపకాయ బజ్జీ పెట్టి ఇస్తారు. ముప్పై రూపాయలు. బజ్జీ కొరికాక కళ్ళలోంచి నీళ్ళు కారుతుంటే హోటలతను చల్లటి మజ్జిగ తెచ్చి పెట్టాడు. దానికి డబ్బు తీసుకోలేదు.

తర్వాత విత్తనాలు. పొలంలో తొమ్మిది రకాల గింజలు కలిపి చల్లాలి, వాటినే నవధాన్యాలంటాం అని నేనే ఎన్నో కరపత్రాల్లో దిద్దాను. పాతవూరు బజారులో ఒక అంగడికి వెళ్ళి నవధాన్యాలు కావాలన్నాను. అంగడాయన పసుపు, కుంకుమ, రెండు అగరుబత్తీలతో సహా అరచేతిలో పట్టే పొట్లం ఒకటి ఇచ్చాడు.

"ఇది చాలదండీ. పన్నెండు కిలోలు కావాలి."

ఆయన కళ్ళద్దాలు తీసి నన్ను పైనుంచి కిందికి చూశాడు. "పన్నెండు కిలోలా! ఏ గ్రహం పట్టింది తల్లీ?"

"గ్రహం కాదండీ, వాతావరణం."

"శని కంటే పెద్దదా?"

నారాయణప్ప వచ్చి విడమరిచి చెప్పేలోపు ఆయన సగం మూట కట్టేశాడు. అందులో గోధుమలు ఉన్నాయి, వడ్లు ఉన్నాయి. వడ్లను చూడగానే పుట్టింటివాళ్ళు కనబడినట్టయింది నాకు. నారాయణప్ప వాటిని దయాదాక్షిణ్యం లేకుండా తీయించి జొన్న, సజ్జ, కొర్ర, ఆముదం పోయించాడు. బొబ్బర్లు అడిగితే అంగడాయన లేవన్నాడు. ఆయన మోచేతి కిందే బస్తా నిండుగా ఉంది. అక్కడ వాటి పేరు అలసందలు.

శింగనమల చెరువు దాటాక

జీపు శింగనమల చెరువుకట్ట పక్కగా పోయి, ఎర్రమట్టి దారిలో దిగింది. మేం వెళ్ళిన ఊరి పేరు రాయను. "పేరు రాసినావంటే ఇంగో నాలుగు సంస్థలొస్తాయి. వాళ్ళకంతా టీలు పెట్టేకి మాతో కాదు" అని హనుమక్క ముందే హెచ్చరించింది.

ఈ కథంతా హనుమక్కదే కనుక ఆమె గురించి చెప్పాలి. యాభై దాటిన మనిషి. భర్త పోయి ఆరేళ్ళు. వాళ్ళ కుటుంబం భూమి ఏడెకరాలు ఒకే చెక్క. అందులో సరిగ్గా నడిమధ్య ఉన్న ఎకరా ఆమె వాటా. మిగతాదంతా మరిది రామాంజి చూసుకుంటాడు. ఏటా వేరుశనగ వేస్తారు. వాన సమయానికి రాక ఏటా ఎండిపోతుంది. ఈమధ్య సోలారు పలకలు పెట్టే కంపెనీ మనిషి ఒకతను ఊళ్ళో తిరుగుతున్నాడు. ఏడెకరాలూ కలిపి ఇస్తేనే కౌలుకు తీసుకుంటాడట. రామాంజికి ఇచ్చేయాలని ఉంది. హనుమక్కకు లేదు. చివరికి ఇద్దరూ ఒక మాట అనుకున్నారు: ఈ కొత్త సేద్యమేదో ఆమె ఎకరాలో వేస్తారు. శనివారం సోలారు మనిషి కొలతలకు వచ్చేసరికి రామాంజికి నమ్మకం కుదరకపోతే ఏడెకరాలూ ఇచ్చేస్తారు.

ఆ రోజు సోమవారం. ఇదంతా అక్కడికి చేరాకే నాకు తెలిసింది. సత్యం గారి కాలు మీద నాకు అసూయ పుట్టింది.

పాలకేంద్రం రేకుల పంచలో ఫ్లెక్సీ కట్టి పాఠం మొదలుపెట్టాను. నలభై మంది దాకా వచ్చారు. "వాన కోసం ఎదురుచూడకుండా పొడి దుక్కిలోనే విత్తనం వేయాలి. గింజలకు బీజామృతం, బంకమట్టి, బూడిద పట్టించాలి. నేలను కప్పి ఉంచాలి. అప్పుడు చిన్న జల్లుకే మొలుస్తాయి, వాన వెనక్కి పోయినా తట్టుకుంటాయి" అని అప్పజెప్పాను. తప్పుల్లేకుండా చెప్పాను.

"నేలను దేంతో కప్పల్ల?" అన్నాడు రామాంజి. పొట్టిగా, గట్టిగా ఉన్నాడు. వెనక గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"వేరుశనగ కట్టెతో."

పంచంతా నవ్వు. కాయలు కోశాక మిగిలిన ఆ ఎండు తీగలే అక్కడ పశువులకు ఏడాది మేత. "ఎనుములకే లేక మేమేడుస్తాంటే భూమికి తినిపిస్తావా మేడం?" అన్నాడతను. కరపత్రంలో ఆ వాక్యం దిద్దింది నేనే. కామా ఎక్కడుండాలో చూశాను తప్ప కట్టెను ఎవరు తింటారో చూడలేదు.

"కట్టె కాకుంటే పొట్టు ఉండాది కదప్పా" అంది హనుమక్క. "కాయలొలిచే మిల్లు తావ గుట్టలుగా పడుండాది. దాన్ని ఏ పశువూ ముట్టదు." పాఠం అక్కడ నా చేతిలోంచి ఆమె చేతిలోకి పోయింది, నేను గమనించలేదు.

ఇంతలో ముందు వరసలోని ముసలాయన చెయ్యెత్తాడు. పేరు ఓబులేసు. "మీ ఊర్లో వానలెట్ల మేడం?"

వాన సంగతి సరే, మాకు కాలవలున్నాయన్నాను. మా ఇంటి గుమ్మానికీ కాలవకూ మధ్య పది అడుగులే అన్నాను. వెనకున్నవాళ్ళంతా ముందుకు జరిగి కూర్చున్నారు.

"ఎండాకాలం కూడా పారుతాదా?"

"ఒక నెల కట్టేస్తారండి. అప్పుడు బురదలో చేపలు పడతాం."

"నీళ్ళు ల్యాకుండా చేసినప్పుడు కూడా చేపలా!" అన్నాడు ఓబులేసు. ఆ తర్వాత గంటసేపు నేను కరవును తట్టుకోవడం గురించి ఒక్క ముక్క చెప్పలేకపోయాను. లాకులు, పడవలు, కాలవలో అల్లుకునే తూడు, పొలాలకు నీళ్ళిచ్చే పంటబోదెలు, అన్నీ చెప్పించుకున్నారు. చివర్లో ఓబులేసు, "ఆ గడప ముందర కాలవ ఉండే మాట ఇంగొగసారి చెప్పు" అన్నాడు. చెప్పాను. ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు.

మధ్యాహ్నం హనుమక్క ఇంట్లో రాగిసంగటి, చెనక్కాయలతో, అంటే వేరుశనగలతో, నూరిన ఊరుబిండి పచ్చడి. సంగటి ముద్దను నేను అన్నంలా నమలబోయాను. "నమలకూడదు, మింగల్ల" అని తనే చేసి చూపించింది. మూడో ముద్దకు నేర్చుకున్నాను.

ఆవు దగ్గర ఒక ఉదయం

బీజామృతానికి నాటు ఆవు పేడ, మూత్రం కావాలి. ఊళ్ళో అన్నీ జెర్సీ ఆవులే. నాటు ఆవు ఒక్కటే ఉంది, ఓబులేసుది. పేరు గంగి. తెల్లగా, చిన్నగా, ఎవరినీ లెక్కచేయని మొహంతో ఉంది.

"ఎంత గంజళం కావల్ల?" అన్నాడు ఓబులేసు. మూత్రానికి అక్కడ ఆ మాట.

"అయిదు లీటర్లు."

"అది ఆవు మేడం. కొళాయి కాదు."

మంగళవారం పొద్దున ఆరింటికల్లా పాతిక మంది గంగి చుట్టూ చేరారు. బకెట్లు, చెంబులు, ఒక పాలక్యాను. ఏడయింది. గంగి మమ్మల్ని ఒకరి తర్వాత ఒకరిని చూసింది. నీళ్ళు తాగించారు, తాగింది. ఎవరో చెంబుతో నీళ్ళు సన్నగా పోస్తూ చప్పుడు చేశారు. దానివల్ల ఇద్దరు ముసలివాళ్ళు పక్కకు వెళ్ళి రావలసి వచ్చింది కానీ గంగి కదల్లేదు. ఎనిమిదయింది. "మనుషులు చుట్టూరా నిలబడి సూస్తాంటే ఎవరికొస్తాది? రొంత దూరం పోండప్పా" అని హనుమక్క అందరినీ తరిమింది. తొమ్మిదిన్నరకు ఊరంతా విసిగి అన్నాలకు వెళ్ళిపోయింది. నన్ను కాపలా ఉంచారు.

నేను గోడ నీడన కూర్చుని, మడిచిన ఫ్లెక్సీని ఒళ్ళో పెట్టుకుని, కునుకు తీస్తున్నాను. అప్పుడు మొదలయింది.

బకెట్లన్నీ ఆవుకు అటువైపు ఉన్నాయి. ఆలోచించే వ్యవధి లేదు. ఫ్లెక్సీని రెండు చేతులా దోనెలా పట్టుకుని ముందుకు దూకాను. మారుతున్న వాతావరణమంతా నిండిపోయింది. కదిలితే ఒలుకుతుంది, వదిలితే పోతుంది. వంగిన మనిషిని వంగినట్టే ఉండి, "ఎవరైనా రండోయ్" అని అరిచాను. ఊరు ఊరంతా నోట్లో ముద్దలతో పరిగెత్తుకొచ్చింది. బకెట్లోకి వంపి చూస్తే మూడు లీటర్ల పైనే.

వాళ్ళలో ఎవరూ నవ్వలేదు. ఓబులేసు నా చేతులు చూసి, "ఇప్పుడు నువ్వు మా మనిషివి మేడం" అన్నాడు. తర్వాత నవ్వారు, చాలాసేపు.

పొడి దుక్కిలో

తక్కువపడిన రెండు లీటర్లూ గంగి మరునాటి పొద్దుటికి దానంతటదే ఇచ్చింది. గింజలకు బీజామృతం పట్టించి, మట్టి, బూడిద అద్ది, నీడలో ఆరబెట్టాం. గురువారం విత్తాం. హనుమక్క, నారాయణప్ప, నేను, ఇంకా నలుగురు ఆడవాళ్ళు. మిల్లు నుంచి మూడు ట్రాక్టర్ల చెనక్కాయ పొట్టు తెచ్చి పరిచాం. నేల బూడిదలా కాళ్ళ కింద లేస్తోంది. దారిన పోయే ప్రతి మోటారుసైకిలూ ఆగింది.

"ఏమక్కా, వాన ల్యాకుండానే విత్తుతాండావే?"

"ఈ మేడం మొలిపిస్తాదంట" అని గట్టు మీంచి రామాంజి జవాబు చెప్పేవాడు. మధ్యాహ్నానికి నేనూ రోషం పట్టలేక అందరి ముందూ అనేశాను: "వాన లేకుండానే శనివారానికి తేడా చూపిస్తాం."

ఆ మాట అని గంట కాలేదు, పడమటి దిక్కు నల్లబడింది. గాలి లేచింది. ఎర్రదుమ్ము మొహాన కొట్టింది. తర్వాత వాన. చినుకులు కాదు, కుమ్మరింపు. పొట్టు కొంత తేలి గట్టుకు చేరింది. ఊరు ఊరంతా చేలల్లోకి వచ్చి తడుస్తూ నిలబడింది. ఓబులేసు గంగిని కూడా తీసుకొచ్చాడు. ఇంకా ఇళ్ళలో ఉన్నవాళ్ళను పేరు పెట్టి పిలిచి బయటికి లాగుతున్నారు.

నాకు మాత్రం ఏడుపొచ్చింది. ఇక ఏం మొలిచినా వాన వల్ల మొలిచిందంటారు. నేను చూపించాల్సిన తేడా కొట్టుకుపోయింది. హనుమక్క ఎకరా కూడా పోయినట్టే అనుకున్నాను. తడుస్తూ ఏడిస్తే తెలియదనుకున్నాను కానీ ఆమెకు తెలిసిపోయింది.

"ఏడుస్తాండావా?" అంది దగ్గరికొచ్చి. "వాన పడినందుకు ఏడ్చే మనిషిని ఈ సీమలో మొదటిసారి సూస్తాండా." అని కడుపు పట్టుకుని నవ్వింది. ఆ నవ్వు చూశాక నాకు సిగ్గేసింది. ఎన్ని నెలల తర్వాత పడిన వానో అది.

లేపాక్షి దగ్గర ఆదర్శ రైతు

శుక్రవారం రైతులను ఒక ఆదర్శ రైతు పొలానికి తీసుకెళ్ళాలని ముందే ముప్పై సీట్ల బస్సు మాట్లాడి ఉంచారు. కానీ వాన పడింది. వేకువనే ఊళ్ళో ప్రతి కాడీ, ప్రతి ట్రాక్టరూ దుక్కిలో ఉంది. బస్సు వచ్చి హారన్ కొడుతూనే ఉంది. ఎక్కింది నేను, నారాయణప్ప, ముందే విత్తేసిన హనుమక్క, చేలు లేని ఓబులేసు. నలుగురం నాలుగు కిటికీల దగ్గర కూర్చున్నాం.

ఆదర్శ రైతు శివప్ప గేటు దగ్గరే పూలదండతో నిలబడ్డాడు. ముప్పై మందికి తెప్పించిన దండ కాబోలు, నలుగురి మెడల చుట్టూ కలిపి వేశాడు. మైకు పట్టుకుని మాట్లాడటం మొదలుపెట్టాడు. "నా రెండెకరాల్లో ముప్పై రెండు రకాల..."

హనుమక్క అటూ ఇటూ చూసింది. "యాడుండాయి?"

ఒక ఎకరా బస్సులు నిలిపే జాగా అయింది. రెండో దాంట్లో రేకుల షెడ్డు, కుర్చీలు, బోర్డులు. మొక్కల కంటే మొక్కల పేర్లు రాసిన బోర్డులే ఎక్కువ. శివప్ప మైకు ఆపి, నిజంగానే దిగులుగా అన్నాడు. "ఏం చేసేదక్కా? వారానికి మూడు బస్సులొస్తాయి. వచ్చినోళ్ళు తొక్కి తొక్కి నేల బండ అయిపోయినాది. సేద్యం చేసేకి నాకు టైం యాడుంది?"

హనుమక్క దండలోంచి తల తీసి, వంగి ఆ నేలను గోటితో గీకింది. ఆపైన గంటసేపు ఆమె చెప్పింది, ఆదర్శ రైతు విన్నాడు. పొట్టు ఎంత మందం వేయాలో, గాలికి పోకుండా దానిమీద కంపలు ఎలా వేయాలో, బస్సులకు వారంలో ఒక రోజే ఎందుకు పెట్టాలో. అతను మైకు పక్కన పెట్టి రాసుకున్నాడు.

దగ్గరే కదా అని లేపాక్షి వెళ్ళాం. పెద్ద నంది ముందు ఓబులేసు చేతులు జోడించి చాలాసేపు నిలబడ్డాడు. ఎండుకొబ్బరి రంగు రాయి, మెడలో గంటలు, వాన కడిగిన వీపు. నేనూ కళ్ళు మూసుకోబోతున్నాను. ఆయన నెమ్మదిగా అన్నాడు. "ఈయన గంజళం పోస్తే మండలానికంతా సరిపోతాది మేడం." అని వెంటనే లెంపలేసుకున్నాడు. నేనూ వేసుకున్నాను, విన్నందుకు.

శనివారం

పొద్దున్నే పొలానికి వెళ్ళాం. రెండు రోజుల గాలికి, ఎండకు చుట్టుపక్కల దుక్కులన్నీ పైన అట్టకట్టి తెల్లబారాయి. గురువారం పడిన వాన నిజంగా పడిందా అన్నట్టుంది. హనుమక్క ఎకరాలో మాకంటే ముందే ఒక మనిషి ఉన్నాడు.

రామాంజి మోకాళ్ళ మీద కూర్చుని, పొట్టు ఒకచోట పక్కకు జరిపి, అరచేయి నేలకు ఆనించి ఉన్నాడు. గట్టున కర్ర ఉంది. తెల్లవారకముందు గొర్లమంద వస్తే తోలాడని తర్వాత తెలిసింది. మమ్మల్ని చూసి లేచాడు. అతని చేతికి తడిమట్టి అంటుకుని ఉంది. చూపుడువేలి కొన మీద పగిలిన అలసంద గింజ, తెల్లటి మొలక.

ఇంతలో సోలారు మనిషి మోటారుసైకిలు దిగి, టేపు తీసుకుని వచ్చాడు. "ఈ పక్కనుంచి కొలుద్దామా అన్నా?"

"ఈ నడుమ ఎకరా వదిలేసి కొలుచుకో" అన్నాడు రామాంజి.

"నడుమది లేకుంటే మాకు పనికిరాదన్నా. ఏడూ కలిపే కావల్ల."

రామాంజి చేతికంటిన మట్టిని పంచెకు తుడుచుకున్నాడు. చాలాసేపు పట్టింది తుడుచుకోవడం. "అట్లయితే వద్దులే. ఈ ఏడు చూస్తాం." అని వదినెవైపు చూడకుండా, "ఆ పొట్టు మిల్లులో ఇంగా ఉండాదా?" అన్నాడు.

"ట్రాక్టరు నువ్వే తెచ్చుకోవల్ల" అంది హనుమక్క.

తిరిగి వచ్చాక

ఆ వాన తర్వాత నెలన్నర దాకా అక్కడ చినుకు లేదని నారాయణప్ప చెప్పాడు. మొన్న హనుమక్క ఫోను చేసింది. అద్భుతమేమీ జరగలేదు. పెసలు ఎండిపోయాయి, నువ్వులు సరిగా రాలేదు, కొర్రలో సగం పిచ్చుకలు తిన్నాయి. సజ్జ, కంది, ఆముదం, అలసంద నిలబడ్డాయి. రామాంజి చెనక్కాయల్లో పొట్టు పరిచిన రెండెకరాలు పచ్చగా ఉన్నాయి, పరచని నాలుగూ వాడిపోయాయి.

"మీ మరిది ఏమంటున్నాడు?" అన్నాను.

"ఏమీ అన్లేదు. నిన్న లేత అలసంద కాయలు కూర చేసి పిలిపిచ్చినా. సంగట్లోకి రెండుసార్లు వేయించుకున్యాడు."

"బాగుందన్నాడా?"

"నోటితో యాల అంటాడు? మూడోసారి గిన్నె తనే దగ్గరికి జరుపుకున్యాడు" అంది హనుమక్క.